బొండాం పగిలిన చోటు

మా బావ బొండాంలో ఇరుక్కుపోయి అప్పటికి ఇరవై ఆరు గంటలు.

బొండాం అంటే గొట్టం పెట్టి తాగేది కాదు, మీట నొక్కితే గెంతేది. ఒకప్పుడు కాకినాడ సినిమా రోడ్డులో నా వీడియో గేముల కొట్టు ఉండేది. అక్కడ ప్లైవుడ్డు పెట్టెలో బిగించిన పాత టీవీ తెర మీద, రెండు గుడ్లూ రెండు పొట్టికాళ్ళూ ఉన్న పచ్చటి కొబ్బరిబొండాం ఒకటి చెట్టు మీంచి పడవ మీదికి, పడవ మీంచి పందిరి మీదికి గెంతుతూ ఉండేది. దాన్ని పుట్టించినవాడు మా బావ, అంటే మా చెల్లెలి మొగుడు, వామనరావు. ఇప్పుడు దాని కడుపులో ఉన్నవాడూ ఆయనే. కన్నతండ్రిని కడుపులో పెట్టుకోవడమంటే ఇదే కాబోలు.

ఆరడుగుల రెండంగుళాల మనిషికి వామనరావని పేరేమిటని వాళ్ళ నాన్నని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. మావాళ్ళు నాకు దక్షిణామూర్తి అని పెట్టారు. ఆ పేరుగల దేవుడు నోరు విప్పకుండా లోకానికి జ్ఞానం చెప్పాడట. నేను యాభై నాలుగేళ్ళుగా నోరు మూయకుండా చెబుతున్నదాంట్లో జ్ఞానం ఉందని ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

అలాంటి నేను ఆ ఇరవై ఆరు గంటలూ నోరు మూసుకునే ఉన్నాను. ఎందుకంటే బావ అందులో ఇరుక్కోవడానికి కారణం నేను. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

జగన్నాథపురం వంతెన దాటాక మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. దాన్నే మా చెల్లెలు కాత్యాయని ప్రయోగశాల చేసుకుంది. చేపలు చెడిపోకుండా కట్టిన గోడల మధ్య మనుషుల్ని బాగుచేసే పని. అక్కడ ఇనపమంచం మీద బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలకి తొడుగు, చేతికి సెలైను, మూసిన కళ్ళు. కాలి బొటనవేళ్ళు మాత్రం మూడు సెకన్లకోసారి కదులుతున్నాయి. గెంతు. మళ్ళీ గెంతు. మళ్ళీ గెంతు.

కాత్యాయని గంటకోసారి వచ్చి ఆయన అరచెయ్యి తెరిచి తన వేళ్ళతో తడిమేది.

"పొడిగానే ఉంది" అనేది.

"పొడిగా ఉంటే మంచిదేగా" అన్నాను.

"కాదన్నయ్యా. అంత ఎత్తునించి గెంతుతున్నవాడి చేతికి చెమట పట్టాలి. ఈయనకి లోపల భయమన్నదే లేదు. అదెందుకో తెలీడం లేదు."

నాకు తెలుసు. అందుకే కిటికీలోంచి పడవల్ని లెక్కపెట్టాను.

*

ఇక్కడ కాస్త వెనక్కి గెంతాలి.

మా చెల్లెలు మంచం పట్టినవాళ్ళ కోసం పాటుపడే మనిషి. నడుం విరిగి, నరాలు చచ్చి, పొద్దస్తమానం నొప్పితో కప్పు వైపు చూస్తూ పడుకునేవాళ్ళని చూసి దానికో ఊహ వచ్చింది. నొప్పి మనిషిని పట్టుకుంది, మనిషి మంచం పట్టుకున్నాడు, ఈ ఇద్దరికంటే గట్టిగా పట్టుకునే ఆట ఒకటి దొరికితే నొప్పి పట్టు సడలదా అని. ఎనిమిదేళ్ళు తంటాలుపడి తొడుగు తయారుచేసింది. అది తలకి పెట్టుకుంటే ఆట తెర మీద ఉండదు, మనిషే ఆటలో ఉంటాడు. ఆడేవాడి బుర్రలో ఎంత సరదా పుడుతోందో పక్కనున్న యంత్రం ఒక ఆకుపచ్చ గీతగా చూపిస్తుంది. దానికి ముచ్చటగీత అని పేరు పెట్టింది నేనే. గీత కిందికి దిగబోతే యంత్రం ఆటనే అక్కడికక్కడ మార్చేస్తుంది. దూరంగా ఉన్న పడవని దగ్గరికి జరుపుతుంది, ఎండలో మబ్బు తెస్తుంది, ఎలాగోలా విసుగు రానివ్వదు.

ఏ ఆట పెట్టాలన్నది తేలక, ఓ ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర అడిగింది.

"అన్నయ్యా, నీ కొట్టులో బొండాం ఆటకి అంతమంది ఎందుకు ఎగబడేవారు?"

"నా మాటలు వినడానికి."

"నీ మాటలు వినాల్సొచ్చినా కూడా ఎందుకొచ్చేవారని అడుగుతోంది బావా" అన్నాడు వామనరావు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

"బొమ్మ ముద్దుగా ఉంటుందనా?" అంది కాత్యాయని. "పాట బావుంటుందనా?"

"పడటానికొచ్చేవారు" అన్నాడు బావ. "బొండాం అంచు మీద నిలబడుతుంది చూడు, గెంతడానికి ముందు. అప్పుడు వెనకాల నిలబడ్డ పదిమందీ ఊపిరి బిగబట్టేవారు. పడితే ఠప్పుమని పగిలేది. అందరూ 'అయ్యో' అనేవారు. ఆ అయ్యో కోసమే వచ్చేవారు."

"పడితే సరదా ఏంటండీ, విడ్డూరం కాపోతే."

"పగిలిన చోట మొలకొస్తుందిగా."

అదీ ఆ ఆటలో కిటుకు. బొండానికి మూడు ప్రాణాలు. చివరన ఒక దీపస్తంభం, దాని మీదికెక్కితే గెలిచినట్టు. కానీ ఎంత బాగా గెంతినా అది అందదు. మొదటి రెండు ప్రాణాలూ దాని ముందు సరైన చోట పడి పగలాలి. పగిలిన చోటల్లా ఒక కొబ్బరి మొలక లేస్తుంది. ఆ రెండు మొలకల మీద కాలుపెట్టి మూడో ప్రాణం పైకెక్కాలి. చావకుండా గెలిచినవాడు లేడు. తెలివిగా చచ్చినవాడే గెలిచాడు. గెలిచినవాళ్ళు కూడా కాకినాడ మొత్తం మీద ఏడుగురే. కన్నతండ్రి వామనరావు ఆ ఏడుగురిలో లేడు.

"మన భాషలోనే ఉందమ్మా" అందుకున్నాను నేను. "ఇష్టపడాలి, కష్టపడాలి, సిగ్గుపడాలి, ముచ్చటపడాలి. ఆఖరికి స్థిరపడాలన్నా పడాల్సిందే."

"నువ్విప్పుడు మాటపడాల్సొస్తుంది, పెరుగందుకో" అంది కాత్యాయని.

ఇద్దరు కలిసి ఆడే వీలు కూడా పెట్టాడు బావ. రెండోవాడు ఎప్పుడైనా మధ్యలో దూరవచ్చు. వాడి బొమ్మ కురిడీ. పీచూడిపోయి, ఎండి, నున్నగా మెరిసే గుండు. అది నన్ను చూసే గీశాడని బజారంతా చెప్పుకున్నారు. ప్రాణాలు అయిపోవచ్చినవాడికి రెండోవాడు ఒక ప్రాణం ఇవ్వచ్చు కూడా. దానికి తలా తలా ఢీకొట్టుకోవాలి. మన పిల్లలకి తల ఒకసారి తగిలితే కొమ్ములొస్తాయని రెండోసారి కూడా తగిలించుకుంటారే, అదే. మొదటి ఢీ ఇచ్చేవాడు కొట్టాలి. రెండో ఢీ పుచ్చుకునేవాడు కొట్టాలి. అప్పుడే ప్రాణం చేతులు మారుతుంది. ఒక్క ఢీతో ఏమీ జరగదు.

కాత్యాయనికి ఆ ఆటే నచ్చింది. తొడుగు మొదట పెట్టుకునేది తనేనని బావ పట్టుబట్టాడు. బయటికి రావడానికి రెండే దార్లు పెట్టింది కాత్యాయని. గెలిస్తే మెలకువ. మూడు ప్రాణాలూ పోయినా మెలకువ. ఎలా ఆడినా నలభై నిమిషాల్లో బయటపడాలి.

*

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి మా అమ్మ పేరిందేవమ్మ హారతిపళ్ళెంతో ఐసు ఫ్యాక్టరీకి వచ్చింది. కాత్యాయని లోపలి గదిలో బావకి తొడుగు కొలతలు సరిచూస్తోంది. యంత్రం దగ్గర నేనొక్కణ్ణే కూర్చున్నాను.

"అల్లుడుగారు అందులోకెళ్ళి ఏంచేస్తారురా మూర్తీ?"

ఆ ప్రశ్నకి సవాలక్ష జవాబులున్నాయి. నా నోటికి దొరికింది ఇది: "మూడుసార్లు చచ్చి, లేచి, కాఫీ తాగుతాడమ్మా."

అమ్మ హారతిపళ్ళెం బల్ల మీద దించింది.

"చావడమేంటిరా?"

"ఆటలోనేనమ్మా."

"ఆటైతే? నా కూతురు తన చేత్తో మొగుడికి చావు పెడుతుందా? అదీ మూడుసార్లా? పైగా శ్రావణమాసం. ఆ మాట తీసెయ్యి."

"అదలా తీసేసేది కాదమ్మా."

"అయితే నేనీ గుమ్మంలోంచి లేవను" అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మా అమ్మ కూర్చుంటే లేపడానికి క్రేను రావాలి, క్రేను డ్రైవరు మా అమ్మని ఎరిగినవాడు కాకూడదు.

నాకప్పుడు యంత్రం తెరమీద పాత పేరొకటి కనిపించింది. తనిఖీ పద్ధతి. ఆట తయారుచేసే రోజుల్లో బావ తన సౌకర్యం కోసం పెట్టుకున్నది. అది నొక్కితే బొండాం పడదు, పడినా పగలదు. ఒక నీటిబుడగ వచ్చి ఎత్తి మళ్ళీ గట్టున పెడుతుంది. నా కొట్టులో ఏడ్చే చంటిపిల్లలకి నేనది ఎన్నిసార్లు నొక్కిపెట్టానో. కాసేపు ఆడి, వాళ్ళే విసిగి దిగిపోయేవారు. ఈయనా అంతే, సాయంత్రం అందరం నవ్వుకుంటాం అనుకున్నాను.

నొక్కాను.

"ఇంక చావు లేదమ్మా. నూరేళ్ళు."

అమ్మ మొహం వెలిగింది. హారతి కళ్ళకద్దుకోమంది. అద్దుకున్నాను.

నేను మరిచిపోయిందల్లా ఒక్కటే. నా కొట్టులో పిల్లలకి విసుగొచ్చేది. ఈ యంత్రం విసుగు రానివ్వదు. చావు లేదు గనక ఆట ముగియదు. పగలడం లేదు గనక మొలక లేదు, మొలక లేదు గనక దీపస్తంభం అందదు. రెండు దార్లకీ నేనే తలుపులేసి, తాళాలేసి, హారతిచ్చి పంపించాను.

*

మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి కాత్యాయనికి చెప్పేశాను.

అది అరవలేదు. అరిస్తే బాగుండేది. కుర్చీలో కూర్చుని ముచ్చటగీతని చూస్తూ ఉండిపోయింది. గీత నిన్నటి నుంచి ఒకే ఎత్తులో ఉంది. పైకీ పోదు, కిందికీ రాదు. రోజూ పెట్టే ఉప్మాలాగా, తినబుద్ధీ కాదు, పారెయ్యబుద్ధీ కాదు.

"ఎవరు మార్చమన్నారు?"

"అమ్మ."

"మార్చిందెవరు?"

"నేను."

"నన్నడగాలనిపించలేదా?"

నా కుర్చీ దాని కుర్చీ పక్కకి జరుపుకున్నాను.

"తొడుగు లాగేస్తేనో?" అన్నాను.

"ఎలకల్తో చూశాం. మధ్యలో లాగితే ఎలక వచ్చింది. దాని పరుగు రాలేదు. బతికున్నంతకాలం పెట్టినచోట కూర్చుంది."

"మళ్ళీ ఆ తనిఖీ తీసేస్తే?"

"ఆట మొదలయ్యాక ఆయనకి సంబంధించిన ఏ నియమాన్నీ బయటినుంచి ముట్టుకోకూడదు. ఇప్పుడా ఆటా ఆయన బుర్రా ఒకే పేటలో అల్లుకున్నాయి. ఒక పోగు లాగితే ఏది తెగుతుందో నాకు తెలీదు." గడియారం చూసి అంది: "డెబ్భై రెండు గంటలు దాటితే బుర్ర ఒంటిని పరాయిదనుకుంటుంది. ఎలకలకైతే అంతే. గురువారం పదింటిదాకా ఉందన్నయ్యా మనకి."

స్నానానికని ఇంటికెళ్ళాను. అమ్మ దేవుడి గదిలో కొబ్బరికాయ పీచు తీస్తోంది.

"నూరేళ్ళన్నాం కదరా, ఇంకా లేవలేదేం?"

"అందుకే లేవడం లేదమ్మా. చావుంటేనే ఆట అయిపోతుంది. అయిపోతేనే లేస్తాడు."

అమ్మ చేతులాగాయి. పీచు తీసిన కాయని కొట్టకుండా పక్కన పెట్టేసింది. "అయితే నేను పెట్టిన దండమే ఆయన కాళ్ళకి అడ్డంపడిందన్నమాట" అంది. నేను ఊడిన పీచు ఏరి బుట్టలో వేశాను.

దారి బావే చూపించాడు, ఆ ఆదివారం పప్పన్నం తింటూ. రెండోవాడు ఎప్పుడైనా మధ్యలో దూరవచ్చు. ఆ నియమం ఆటలో మొదట్నుంచీ ఉంది, కాబట్టి కొత్తగా ముట్టుకునేదేమీ లేదు. నేను తనిఖీ పెట్టింది బొండానికి. కురిడీకి దాని మూడు ప్రాణాలూ దానికున్నాయి. కురిడీ వెళ్ళి దీపస్తంభం ముందు రెండుసార్లు పగిలితే రెండు మొలకలొస్తాయి. వాటి మీదుగా బొండాం ఎక్కితే గెలుపు, మెలకువ.

"ఎవరెళ్తారు?" అంది కాత్యాయని. యంత్రం వదిలి తను కదలడానికి లేదు.

నా బట్టతల నిమురుకున్నాను. కురిడీ ఎవరో బజారంతా ఎప్పుడో తేల్చేసింది.

*

రెండో తొడుగు నా తలకి సరిచెయ్యడానికి బుధవారమంతా పట్టింది. గురువారం పొద్దున్న ఆరింటికి బావ పక్క మంచం మీద పడుకున్నాను. అమ్మ వచ్చి గోడవారన కూర్చుంది. ఈసారి హారతి లేదు.

"నువ్వు చస్తావుగా మూర్తీ?" అంది.

"తప్పకుండానమ్మా."

"మంచిది నాయనా. వెళ్ళిరా."

కళ్ళు మూసి తెరిచేసరికి నాకు చేతుల్లేవు. రెండు పొట్టికాళ్ళూ, గుండూ. చుట్టూ నేను ఇరవై ఏళ్ళు దుమ్ము తుడిచిన సముద్రమే. కానీ దానికిప్పుడు ఉప్పువాసన వస్తోంది. ఆకాశం చవకరంగు వేసిన గోడలా ఉంది. ఎనిమిది స్వరాల పాట ఒకటి అయిపోయి, మొదలై, అయిపోయి, మొదలవుతోంది. ఎటు చూసినా పడవలు, అడుగడుక్కీ పడవ. ఎక్కడ కాలుపెడితే అక్కడికి జరిగొచ్చే పడవలు. విశాలమైన సముద్రం మధ్య వేలెడు జాగా లేనట్టుంది. జైలుకి గోడలక్కర్లేదు, ఎటెళ్ళినా ఏమీ కాదన్న హామీ చాలు.

రెండు చెట్ల మధ్య బొండాం గెంతుతోంది. ఈ చెట్టు మీంచి ఆ చెట్టుకి, ఆ చెట్టు మీంచి ఈ చెట్టుకి.

"బావా."

"ఊఁ."

"నేను, మూర్తిని."

"ఊఁ."

"పద, దీపస్తంభం దగ్గరికి."

"ఎటెళ్ళినా ఇక్కడికే వస్తాం బావా. చూడు." గుడ్లు మూసుకుని గాల్లోకి గెంతాడు. బుడగ వచ్చి ఎత్తి చెట్టు మీద పెట్టింది. "చూశావా? నేను గెంతడం లేదు. ఇదే గెంతిస్తోంది."

"కాత్యాయని ఎదురుచూస్తోంది."

"ఊఁ" అన్నాడు. అది మొదటి ఊఁలాగే ఉంది.

మాట్లాడుతూ మాట్లాడుతూ, తోసుకుంటూ, దీపస్తంభం ముందుకి తీసుకొచ్చాను. గట్టు అంచున నిలబడి కిందికి చూశాను. నల్లటి బండలు. ఆట అని తెలుసు. మూడు ప్రాణాలున్నాయని తెలుసు. అయినా అడుగు పడటం లేదు. నా కొట్టులో ఆ వెనకాల నిలబడ్డ పదిమంది ఊపిరి నా చెవుల్లో ఆగినట్టయింది. అప్పుడు తెలిసింది బావ చెప్పింది. ఇన్నేళ్ళూ ఆ పెట్టె నడిపానే గానీ ఆ అంచు మీద నేనెప్పుడూ నిలబడలేదు.

పడ్డాను. ఠప్.

పగిలిన చోట మొలక లేచింది. రెండో ప్రాణంతో కళ్ళు తెరిచి, ఇంకాస్త దగ్గరగా ఇంకోసారి పడ్డాను. ఠప్. రెండో మొలక లేచింది. మూడో ప్రాణంతో వచ్చి గట్టు మీద నిలబడ్డాను.

"ఇప్పుడు నీ వంతు బావా. మొదటి మొలక, రెండో మొలక, స్తంభం. మూడే మూడు అడుగులు. నీ పేరుకి తగ్గ పని."

గెంతాడు. మొలక ఓ పక్కనుంటే ఆయన ఇంకో పక్కకి గెంతాడు. బుడగ తెచ్చి పెట్టింది. మళ్ళీ గెంతాడు. ఈసారి మరీ వెనక్కి గెంతాడు. పదిసార్లు, ఇరవైసార్లు. ఆయనకి కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, కొలవడమే లేదు. అంచు ఉన్నవాడే అంచనా వేస్తాడు. ఈయనకి నేను అంచే లేకుండా చేశాను.

"కాస్త చూసి గెంతు బావా."

"చూస్తే ఏమవుతుంది? చూడకపోతే ఏమవుతుంది?"

మిగిలింది నాకున్న ఒక్క ప్రాణం. దాంతో ఇంకో మొలక లేపినా ఉపయోగం లేదు. ఆయనకి కావల్సింది మెట్టు కాదు. చావు. నేను లాక్కున్నది అదే, తిరిగి ఇవ్వాల్సిందీ అదే. నా ప్రాణం ఆయనకిస్తే అది కురిడీ ప్రాణం. తనిఖీలో ఉన్నవాడికి ప్రాణాల లెక్కే లేదు గనక, పడితే పగిలే ప్రాణం ఆయనకి అదొక్కటే అవుతుంది.

వెళ్ళి నా తలతో ఆయన తలని ఢీకొట్టాను.

మొదటి ఢీ నాది. రెండోది ఆయనే కొట్టాలి. అది నేను చెయ్యలేను.

ఆయన ఊఁ అన్నాడు. గెంతుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను కదలకుండా నిలబడ్డాను. పాట అయిపోయింది, మొదలైంది. ఆయన అటు గెంతి వచ్చాడు, ఇటు గెంతి వచ్చాడు. నా పక్కనుంచి వెళ్తూ ఒకసారి ఆగాడు. ముందుకెళ్ళాడు. మళ్ళీ ఆగాడు. ఏదో గుర్తురాని పేరు నాలిక చివరుంటే మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు.

"బావా."

"చెప్పు."

"ఇందాకా మనకి తలలు తగిలాయి కదూ" అన్నాడు.

"తగిలాయి."

"ఒక్కసారే తగిలాయి."

"అవును."

"కొమ్ములొస్తాయి" అన్నాడు, ఐదేళ్ళ పిల్లాడిలా. వచ్చి తలతో నా తలకి ఒక్కటిచ్చాడు.

*

కళ్ళు తెరిచాను. ఇనపమంచం మీద ఉన్నాను, నా మీద అమ్మ చెయ్యి ఉంది. ప్రాణాలన్నీ అయిపోయాయి గనక నా ఆట ముగిసింది. కాత్యాయని నా వైపు చూడలేదు. లోపలి ఆట కనపడేలా నిన్న రెండో తొడుగుతో పాటు బిగించిన తెరనే చూస్తోంది.

బొండాం అంచున నిలబడి ఉంది. గెంతడం లేదు. మూడు రోజుల్లో మొదటిసారి ఆ బొటనవేళ్ళు ఆగాయి. ముచ్చటగీత ఒక్కసారి అడుగుకి పోయింది. యంత్రం పడవని జరపబోయేంతలో గీత లేచింది. ఉప్మా ఎత్తు దాటింది, తెర మీద మేం గీసుకున్న పై హద్దూ దాటింది. యంత్రం ఇంక ఏమీ జరపలేదు. జరపాల్సిన అవసరం లేదు.

"ఊరికే పడిపోయినా చాలు, మెలకువొస్తుంది" అంది కాత్యాయని. "పడమనండి ఎవరైనా."

లోపలికి వినపడదని తెలిసి కూడా మా అమ్మ లేచింది. ఇరవై రెండేళ్ళుగా అల్లుడి ఎదట గట్టిగా దగ్గని మనిషి తెరముందుకొచ్చి చేతులు జోడించింది.

"పడండి అల్లుడుగారూ. మీకు పుణ్యముంటుంది, చచ్చిపోండి బాబూ."

ఆయన పడలేదు. కిందికి చూశాడు. మొలకని చూశాడు. ఓ అడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి వేశాడు. కొలిచి, గెంతి, మొదటి మొలక అందుకున్నాడు. కాత్యాయని నా చెయ్యి పట్టుకుంది, అదెవరి చెయ్యో చూసుకోకుండా. రెండో మొలక కూడా అందింది. అక్కడ ఊగుతూ నిలబడి, పైన దీపం వైపు చాలాసేపు చూసి, గెంతాడు.

అరచేతి దూరంలో తప్పింది.

ఠప్.

"అయ్యో" అన్నాం ముగ్గురం ఒకేసారి. నా కొట్టు మూసేసిన ఇన్నేళ్ళకి మళ్ళీ ఆ అయ్యో విన్నాను.

మంచం మీద బావ కళ్ళు తెరిచాడు. కాత్యాయనిని చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, ఎండిపోయిన గొంతుతో అన్నాడు:

"రెండోసారి నువ్వు కాస్త ఎడమకి చావాల్సింది బావా."

*

అక్కడితో అయిపోతే ఇది సరదా కథ అయ్యేది.

బావ వచ్చాడు గానీ మొత్తం రాలేదు, అంచు దగ్గర పుట్టిన భయం ఆటలోనే ఉండిపోయింది. మెట్లుంటే ఉన్నాయని తెలిసేది, పడతానని తెలిసేది కాదు. ఐసు ఫ్యాక్టరీ అరుగు మీంచి గాల్లో కాలుపెట్టి మడమ విరగ్గొట్టుకున్నాడు. లారీ వస్తుంటే రోడ్డు మధ్య నిలబడి దాని నంబరు చదివాడు. ఆయన లెక్కలో ఎప్పుడూ బుడగ వచ్చి ఎత్తుతుంది. కాత్యాయని ఆయన మణికట్టు పట్టుకోకుండా గుమ్మం దాటనివ్వలేదు. నాతో మాట్లాడటం మానేసింది. యంత్రంలోంచి ముచ్చటని నిలబెట్టే భాగాన్ని ఊడదీసి, పాత పాలడబ్బాలో వేసి, నాకు కనపడేలా కిటికీలో పెట్టింది. నాకు వేసిన శిక్ష ఒక్కటే. రోజూ పొద్దున్న బావని షికారు తిప్పడం. ఆయనకి చేతికర్ర నేను. మాట్లాడే కర్ర.

నాలుగు నెలలు గడిచాక ఓ మార్గశిరం పొద్దున్న, ఎనిమిదింటికి, వాళ్ళింటి ముందు మురిక్కాలవ మీద పలక లేదు. మున్సిపాలిటీవాళ్ళు ముందురోజే తీసుకుపోయారు. గజం వెడల్పు. పెద్ద లోతేం కాదు గానీ కంపు లోతైనది. అలవాటుగా ముందడుగేసి నేను ఆయన్ని ఆపబోయాను. ఆపనక్కర్లేకపోయింది.

ఆయనే ఆగాడు.

చెప్పుల్లో కాలివేళ్ళు ముడుచుకున్నాయి. కాలవలోకి చూశాడు. అవతలి గట్టు చూశాడు. మళ్ళీ లోపలికి చూశాడు.

"బావా, దీన్ని దాటగలనంటావా?"

ఈ కాలవ మీద నా దగ్గర ఎన్ని మాటలున్నాయో లెక్కలేదు. ఒక్కటీ వాడలేదు.

"తెలీదు" అన్నాను.

"పడితేనో?"

"పడితే పడతావు."

"అయితే చెయ్యియ్యి" అన్నాడు.

ఇచ్చాను. ఆ అరచెయ్యి నా చేతిలో జారిపోతోంది.

నేను వెనక్కి తిరిగి, పేటంతా వినపడేలా కేకేశాను. "కాత్యాయనీ, ఒకసారి బయటికి రా. మీ ఆయనకి చేతులు చెమటలు పట్టేయి."

లోపల ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడయింది. పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. నా చేతిలోంచి ఆయన చెయ్యి లాక్కుని, తెరిచి, వేళ్ళతో తడిమింది. తర్వాత ఆ తడి చేతిని తన చెంపకి ఆనించుకుని అలాగే నిలబడిపోయింది.

"తడిగా ఉందన్నయ్యా" అంది.

నాలుగు నెలల తర్వాత అది నాతో అన్న మొదటి మాట.

బావ ఇంకా కాలవ వైపే చూస్తున్నాడు. ఓ అడుగు వెనక్కి వేశాడు.